స్కోరు కార్డులో పేరు లేని క్యాచ్

రిటైరైన రోజు మా పత్రిక డెస్కులో పిల్లలు నాకు శాలువా కప్పి, కుర్చీలో కూర్చోబెట్టి, "సార్, ఇన్నేళ్లలో మీరు చేసిన గొప్ప వార్త ఏది?" అని అడిగారు. గొప్ప వార్త సంగతి తెలియదుగానీ గొప్ప తప్పు ఒకటుంది, అది రిటైర్మెంటుకు నెలన్నర ముందే చేశాను అన్నాను. అందరూ నవ్వారు. ఇంతలో ఎవరో సమోసాలు తెచ్చారు, ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. మీరు ఆ కుర్చీల్లో ఇంకా చాలా ఏళ్లు కూర్చోవాలి కదా.

నెల్లూరులో ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో నేను ఆటల పేజీ చూసే సబ్ ఎడిటర్‌ని. వార్త తెచ్చేది విలేకరి, పేరు పడేది విలేకరికి. దాన్ని దిద్ది, శీర్షిక పెట్టి, ఫొటో కింద రెండు ముక్కలు రాసి పేజీలో కూర్చేవాడు సబ్ ఎడిటర్, మా మాటల్లో సబ్బు. సబ్బు పేరు ఎక్కడా కనబడదు. నాకెప్పుడూ దాని మీద ఫిర్యాదు లేదు. క్రికెట్ అంకెలంటే పిచ్చి. ఏ జట్టు ఏ ఊళ్లో ఎన్ని పరుగులకు కూలిపోయిందో అడిగితే చెప్పగలను. మా ఆవిడ పుట్టినరోజు మాత్రం రెండుసార్లు మర్చిపోయాను.

మన అమ్మాయిలు ప్రపంచ కప్ ఫైనల్ ఆడిన ఆదివారం ఉదయం, ఆ జట్టు చరిత్ర మీద నేను ఒక పూర్తి పేజీ ఇచ్చాను. ఇష్టపడి చేసిన పేజీ అది. తొలి రోజుల్లో వాళ్లు రిజర్వేషన్ లేని పెట్టెల్లో కిట్ బ్యాగుల మీదే కూర్చుని ప్రయాణం చేయడం, జట్టు మొత్తానికి రెండు మూడు మంచి బ్యాట్లే ఉంటే ఔటై వస్తున్నవాళ్ల చేతిలోంచి తీసుకుని లోపలికి పోవడం, బడి గదుల్లో నేల మీద పడుకుని పొద్దున్నే లేచి ఎవరి తెల్లబట్టలు వాళ్లే ఉతుక్కోవడం, తర్వాత ఫైనల్ దాకా వెళ్లి ఓడి కన్నీళ్లతో తిరిగి రావడం, అన్నీ రాశాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. స్థానికంగా ఏదో ఒకటి ఉండాలి కదా అని కింద నాలుగు గీతల మధ్య ఒక చిన్న డబ్బా వార్త కట్టాను. "ఇంత చరిత్రలో మన జిల్లా ఆడపిల్ల ఒక్కరైనా దేశం తరఫున మైదానంలో అడుగుపెట్టలేదు" అని దాని సారాంశం.

ఆ రోజు మన అమ్మాయిలు గెలిచారు. సోమవారం ఆఫీసంతా పండగ. ఎడిషన్ ఇన్‌ఛార్జి హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, "లోకల్‌గా ఏమైనా పట్టండయ్యా, అన్ని పేపర్లూ వెతుకుతుంటాయి" అంటున్నాడు. మనిషి మంచివాడే. కాకపోతే పక్క పేపరు పొద్దున్నే చదివి, ఆ కోపంతో రోజు మొదలుపెడతాడు. పదకొండు గంటలప్పుడు ల్యాండ్‌లైన్ మోగింది. బోగోలు నుంచి ఒకావిడ.

"నిన్న ఆటల పేజీ రాసింది మీరేనా అండీ?"

"నేనే అమ్మా, చెప్పండి."

"మీరు రాసింది తప్పండీ. మా అక్క అడుగుపెట్టింది. ఒక్క పూటే, కానీ పెట్టింది. దేశం తరఫున క్యాచ్ కూడా పట్టింది."

ఇలాంటి ఫోన్లు మాకు కొత్త కాదు. ఇండియాకు ఆడాల్సి ఉండి, మోకాలు దెబ్బతినో సెలెక్టర్లు మోసం చేసో ఆగిపోయినవాడు ప్రతి మండలానికీ ఒకడుంటాడు. అలాంటివాళ్లు ఫోన్ చేస్తే ఊ కొట్టి పెట్టేస్తాను. కానీ ఈవిడ గొప్పలు చెప్పలేదు. "ఒక్క పూటే" అంది. ఆ మాట నన్ను పట్టుకుంది. అబద్ధం చెప్పేవాళ్లు ఒక్క పూటతో సరిపెట్టుకోరు.

మంగళవారం నా వారపు సెలవు. ప్యాసింజర్ ఎక్కి బిట్రగుంటలో దిగి, ఆటోలో బోగోలు వెళ్లాను. కార్తీక మాసపు వానలు. రోడ్డుకు రెండు పక్కలా నారుమళ్లు నీళ్లలో మునిగి ఉన్నాయి. ఫోన్ చేసినావిడ కుట్టుమిషన్ల కేంద్రం నడుపుతోంది. వెనకే ఇల్లు. ఆమె అక్క వరండాలో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. డెబ్బై దగ్గర పడిన మనిషి, నిటారుగా ఉంది. రిటైరైన నర్సు. ఊళ్లో అందరికీ సిస్టరమ్మ.

"వందనాలండీ, కూర్చోండి" అంది. చెల్లెలి వైపు చూసి, "దీనికి నోట్లో మాట ఆగదు. ఎందుకు పిలిపించినావే ఆయన్ను ఈ వానలో?" అని కసిరింది.

నేను నోటుబుక్కు తీశాను. నెమ్మదిగా చెప్పుకొచ్చింది. వాళ్ల నాన్న బిట్రగుంట లోకోషెడ్డులో ఫిట్టరు. రైల్వే కాలనీ గ్రౌండులో అన్నలతో పాటు ఈమె కూడా క్రికెట్ ఆడేది. నర్సింగ్ చదవడానికి మద్రాసు వెళ్లాక ఆదివారాలు ఒక ఆడపిల్లల క్లబ్బులో చేరింది. అప్పట్లో మన జాతీయ జట్టు ఒక విదేశీ జట్టుతో మద్రాసులో మూడు రోజుల ఆట ఆడింది. స్కోరు బోర్డు తిప్పడానికి, బంతులు అందించడానికి క్లబ్బు పిల్లల్ని రమ్మన్నారు.

"రెండో రోజు మనవాళ్లల్లో ముగ్గురికి కడుపులో బాగలేక పడుకున్నారయ్యా. ఉన్న అదనపు మనుషులు సరిపోలా. ఒకావిడ వచ్చి, నువ్వు ఫీల్డింగ్ చేస్తావా అన్నాది. తల ఊపినా. ఎవరివో తెల్లబట్టలు ఇచ్చినారు. బూట్లు పెద్దవైతే దూది కుక్కుకున్నా. లెగ్ సైడు గీత దగ్గర నిలబెట్టినారు. భోజనాలైనాక బంతి నా మీదికే లేచింది. పట్టినా. అంతే."

"అంతేనా?"

"అంతే. నేను టీములో లేను. ఊరికే బదులు నిలబడినాను. మీరు అట్నే రాయండి, ఎక్కువ రాయబాకండి."

మిగతాది చెల్లెలు చెప్పింది. ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఈమెకు వార్డు డ్యూటీ. ఆట మధ్యలో రాలేక గంటన్నర ఆలస్యంగా పరుగెత్తింది. మేట్రన్ ఎక్కడికి పోయావని అడిగితే, దేశం తరఫున ఫీల్డింగ్ చేస్తున్నానని చెప్పింది. వార్డులో అందరూ నవ్వారు. సరే, రేపు పేపర్లో నీ పేరు చూపించు అంది మేట్రన్. మర్నాడు పేపర్లో స్కోరు వచ్చింది. క్యాచ్ పట్టినవాళ్ల పేరు ఉండాల్సిన చోట "సబ్" అని ఉంది.

క్రికెట్ తెలియని పిల్లల కోసం ఒక మాట. ఆటగాళ్లలో ఎవరికైనా బాగలేకపోతే బదులు వచ్చి ఫీల్డింగ్ చేసేవాళ్లను సబ్‌స్టిట్యూట్ అంటారు. వాళ్లు బ్యాటు పట్టకూడదు, బంతి వేయకూడదు. ఎంత గొప్ప క్యాచ్ పట్టినా ఆ కాలపు స్కోరు పుస్తకంలో "సబ్" అనే రాసేవారు. జట్టు జాబితాలో వాళ్లు ఉండరు.

"అబద్ధం చెప్పి వార్డు వదిలిందని రిజిస్టర్లో రాసినారండీ" అంది చెల్లెలు. "చదువు ఆరు నెలలు వెనక్కి పోయింది. మా నాయన కూడా నమ్మలా. అప్పట్నుంచీ మా అక్క ఆ మాట ఎత్తలేదు."

సిస్టరమ్మ చిక్కుడుకాయల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో నా మనసు నిలవలేదు. ఇంటికి రాగానే పాత స్కోరు కార్డులు వెతికాను. దొరికింది. ఆ మూడు రోజుల ఆట, ఆ ఇన్నింగ్స్, మన ఆఫ్ స్పిన్నర్ ఒకావిడ బౌలింగ్‌లో "క్యాచ్ సబ్". ఎన్నేళ్లుగా ఇలాంటి కార్డులు తిరగేస్తున్నానో, ఆ రెండక్షరాల వెనక ఒక మనిషి ఉంటుందని ఒక్కసారీ తట్టలేదు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికొస్తున్నాను. మర్నాడు కథనం నేనే రాశాను, చాలా రోజుల తర్వాత నా పేరుతో. లోపల అన్నీ ఆమె చెప్పినట్టే ఉన్నాయి. కానీ ఇన్‌ఛార్జి భుజం మీదుగా తొంగి చూస్తూ, "శీర్షిక చప్పగా ఉంది, ఎవరు చదువుతారు?" అన్నాడు. నాకూ ఉత్సాహం ఎక్కువైంది. "బోగోలు నుంచి భారత జట్టుకు!" అని పెట్టాను. కింద ఇంకో వాక్యం, "జాతీయ జట్టుకు ఆడిన తొలి నెల్లూరు మహిళ." రెండూ ఆమె అనని మాటలు. ఎక్కువ రాయబాకండి అని ఆమె ప్రత్యేకంగా చెప్పిన మాట నోటుబుక్కులో ఉంది. శీర్షిక రాసేటప్పుడు నోటుబుక్కు తెరవలేదు.

గురువారం పేపర్ వచ్చింది. పొద్దున ఆమె ఇంటికి సర్పంచ్, పాస్టరు గారు, బడి పిల్లలు వెళ్లి దండలు వేశారట. మధ్యాహ్నానికి జిల్లాలో క్రికెట్ వ్యవహారాలు చూసే పెద్దమనిషి ఒకాయన ఇన్‌ఛార్జికి ఫోన్ చేశాడు. "జాతీయ జట్టుకు ఆడినవాళ్ల జాబితా నా దగ్గరుంది. అందులో ఈ పేరు లేదు. ఎవరో చెప్పింది నమ్మి రాసేస్తారా?"

నిజానికి ఆయన తప్పు మాట్లాడలేదు. ఆ జాబితాలో ఆమె పేరు ఉండదు. నేను ఇన్‌ఛార్జి బల్ల ముందు నిలబడి సబ్ అంటే ఏమిటో వివరించబోయాను.

"ఆమే ఆ సబ్ అని కాగితం ఉందా?" అన్నాడు ఇన్‌ఛార్జి.

"లేదు. కానీ..."

"మరి ఇంకేంటి? హైదరాబాద్ ఆఫీసు దాకా వెళ్లిందయ్యా విషయం."

శుక్రవారం రెండో పేజీలో "సవరణ" పడింది. "నిన్నటి కథనంలో పేర్కొన్న మహిళ జాతీయ జట్టుకు ఆడినట్టు ఆధారాలు లేవు. ఆమె ఇచ్చిన సమాచారం ఆధారంగా ప్రచురించినందుకు చింతిస్తున్నాం." ఆ సవరణ నా చేతుల మీదుగానే వెళ్లింది. "ఆమె ఇచ్చిన సమాచారం" అన్న ముక్క దగ్గర కర్సరు కాసేపు ఆడింది. తీసేయాల్సింది. తీయలేదు. తప్పు మాది కాదు, తప్పుడు సమాచారం ఇచ్చింది ఆమె అన్నట్టు అర్థం వస్తుందని నాకు తెలుసు. పేజీ వదిలే టైమైంది, వదిలేశాను. ఆమె నిజమే చెప్పింది, పెంచి రాసింది నేను, అబద్ధాలకోరు అయింది ఆమె. రెండోసారి.

శనివారం చెల్లెలు ఫోన్ చేసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"మా అక్క దండలు తీసి బయట గేటుకు తగిలించింది. అంతే. రేపు చర్చికి కూడా రానంటా ఉండాది. ఒకసారి చెడ్డపేరు తుడుచుకోవడానికి ఆమెకు ఉద్యోగమంతా పట్టింది. మళ్లీ మీ దగ్గరికి తీసుకొచ్చింది నేనే." ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత మూడు వారాలు నేను చేసిన పని డెస్కులో ఎవరికీ తెలియదు. చెన్నైలో ఒక పాత్రికేయుడున్నాడు, నాకంటే పెద్దవాడు, పాత ఆటగాళ్ల ఫోన్ నంబర్లు ఒక డైరీలో రాసి పెట్టుకున్నవాడు. ఆయన్ను పట్టుకుని, ఆ కార్డులో ఉన్న పదకొండు మందిలో ఆరుగురి జాడ తెలుసుకున్నాను. ఒకావిడ చనిపోయారు. ఒకావిడ కూతురు ఫోన్ తీసి, అమ్మకు ఇప్పుడు మమ్మల్నే గుర్తుపట్టడం కష్టమైపోయిందండీ అని చెప్పింది. ఇద్దరికి ఆ ఆటే గుర్తులేదు. ఒకావిడ నేనేదో బీమా అమ్మడానికి చేశాననుకుని పెట్టేశారు. వారం రోజులు ప్రయత్నించాక ఆరో నంబరావిడ ఫోన్ ఎత్తింది. కోయంబత్తూరు. ఆ ఆఫ్ స్పిన్నరే.

నేను సూళ్లూరుపేట వైపు పెరిగినవాణ్ణి, తమిళం వచ్చు. ఈసారి మాట తూలకుండా కూర్చున్నాను. బోగోలు అనలేదు, నర్సు అనలేదు, సవరణ అనలేదు. "ఫలానా ఆటలో మీ బౌలింగ్‌లో ఒక క్యాచ్ సబ్ పట్టినట్టుంది. ఆమె ఎవరో గుర్తుందా?" అని మాత్రమే అడిగాను.

అవతల నవ్వు మొదలైంది. ఆగని నవ్వు.

"ఆ నర్సు పిల్లా? పేరు తెలియదు నాకు. ఆంధ్రా వైపు, రైల్వేవాళ్ల అమ్మాయి. కష్టమైన క్యాచ్ సార్ అది, గీత వెంబడి పరుగెత్తి పట్టింది. మేమంతా చుట్టూ చేరి చూస్తే ఏడుస్తోంది. దెబ్బ తగిలిందేమో అనుకున్నాం. 'ఇంక నేను పోవచ్చా, డ్యూటీకి లేటయిపోయింది' అని మా కెప్టెన్‌ను అడుగుతోంది! క్యాచ్ పట్టి సెలవు అడిగినవాళ్లను నేను మళ్లీ చూడలేదు. ఎక్కడుంది ఇప్పుడు? బాగుందా?"

బాగుందని చెప్పి, ఈ మాటలే రాసి పంపగలరా అని అడిగాను.

ఆమె ఆ మాటలన్నీ స్వయంగా కాగితం మీద రాసి, సంతకం చేసి, ఫొటో తీసి పంపింది. దాన్ని ప్రింటు తీసి ఇన్‌ఛార్జి బల్ల మీద పెట్టాను. రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీశాడు.

"ఈమెకు నువ్వు ముందే ఏమైనా చెప్పావా?"

"ఊరి పేరు కూడా చెప్పలేదు."

"నిజమే అయ్యుంటుంది. కానీ సవరణకు సవరణ వేస్తామా? జనం నవ్వరూ? నీకు ఇంకో రెండు వారాల సర్వీసుంది, ప్రశాంతంగా వెళ్లిపో."

"మొదట తప్పు రాసింది నేను. రెండోసారి ఆ సవరణ దిద్దింది కూడా నేనే. రెండూ నా పేరు పెట్టే వేయండి. పత్రిక నవ్వులపాలవదు, నేనవుతాను. రెండు వారాల తర్వాత నన్ను చూసి నవ్వడానికి ఇక్కడెవరికీ వీలుండదు."

ఆయన చాలాసేపు ఫ్యాను వైపు చూశాడు. పక్క పేపరు ఏమంటుందో ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు. చివరికి, "సవరణ అని పెట్టొద్దు. కథనంగా రాయి. మొదటి సవరణ ఎక్కడ పడిందో అక్కడ కాదు, ఆటల పేజీలో పైన వేద్దాం" అన్నాడు. ఆ మాట నేను ఊహించలేదు. శీర్షిక కూడా ఆయనే చెప్పాడు: "ఆ సబ్ మన సిస్టరమ్మే." అందులో ఒక్క అక్షరం ఎక్కువ లేదు. మొదటి పేరాలో, ఆమె తాను జట్టు సభ్యురాలినని ఎప్పుడూ చెప్పలేదనీ, ఆ మాట కల్పించి రాసింది నేననీ నా పేరుతో ఉంది.

పేపర్ వచ్చిన రోజు పొద్దున్నే రెండు కాపీలు తీసుకుని బోగోలు వెళ్లాను. వాన లేదు. సిస్టరమ్మ వరండాలోనే ఉంది. కూర్చోమనలేదు. పేపరు అందించాను. కళ్లజోడు పెట్టుకుని, వేలితో వరుసలు పట్టుకుంటూ మొత్తం చదివింది. బౌలర్ మాటల దగ్గర వేలు ఆగింది. అక్కడ రెండోసారి చదివింది.

"ఏడ్చినట్టు కూడా చెప్పేసిందే" అంది.

"క్షమించండి అమ్మా. మొదటిది..."

"ఎక్కువ రాయబాకండి అని చెప్పినా కదయ్యా."

"చెప్పారు."

పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుంది. చెల్లెలు గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. సిస్టరమ్మ పక్కనున్న కుర్చీని కాలితో నా వైపు తోసింది. కూర్చున్నాను.

"ఒకటి అడగాలి మిమ్మల్ని" అంది. "ఇంతకీ ఆ ఆట ఎవరు గెలిచినారు?"

నాకు అర్థం కాలేదు. "మీకు తెలియదా?"

"నేను మధ్యలో పరుగెత్తొచ్చేసినా కదా. మర్నాడు పేపర్లో నా పేరే వెతికినాను, మిగతాది చూళ్లా. తర్వాత ఆ ఆట పేరెత్తాలంటే మనసు రాలేదు. ఇన్నేళ్లూ అనుకునేదాన్ని, ఎవరు గెలిచుంటారా అని."

ఆ కార్డును ఈ నెల రోజుల్లో వందసార్లు చూశాను. చూసినదల్లా ఆ ఒక్క వరుసే. అంకెల పిచ్చివాణ్ణని చెప్పుకునే నాకు ఫలితం తెలియదు. ఆ మాటే చెప్పాను. ఆమె నవ్వింది. నేను చూస్తుండగా నవ్వడం అదే మొదలు.

"ఉండండి, ఆమెనే అడుగుదాం" అని కోయంబత్తూరు నంబరు కలిపి ఫోన్ ఆమె చేతికిచ్చాను.

"హలో" అని ఆగిపోయింది సిస్టరమ్మ. తర్వాత మద్రాసులో నేర్చుకున్న తమిళంలో, మెల్లగా, "నాన్ దాన్... అంద నర్సు" అంది, నేనే ఆ నర్సును అని. అవతలి నుంచి వచ్చిన కేక వరండా అంతా వినబడింది. ఆ తర్వాత వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నేను వినకూడదనిపించి గేటు దాకా నడిచాను. నేను ఎక్కాల్సిన ప్యాసింజర్ బిట్రగుంటలో కూత వేసి వెళ్లిపోయింది. లోపల మోకాళ్ల నొప్పుల గురించి, మనవరాళ్ల గురించి, ఆ కెప్టెన్ ఎలా పోయిందన్న దాని గురించి ముక్కలు ముక్కలుగా వినబడుతోంది. మధ్యలో ఇద్దరూ ఒక్కసారిగా నవ్వారు. చెల్లెలు నా కోసం అన్నం వడ్డించింది, రొయ్యల పులుసుతో. నేను తిని చేయి కడుక్కునే దాకా ఫోన్ నడుస్తూనే ఉంది.

పెట్టేశాక, ఫోన్‌ను కొంగుతో తుడిచి నాకిచ్చింది.

"ఎవరు గెలిచారటమ్మా?" అన్నాను.

సిస్టరమ్మ నోటి మీద చేయి పెట్టుకుంది.

"అయ్యో, అడగనేలేదయ్యా!"

"మళ్లీ కలపమంటారా?"

"వద్దులే. రేపు పొద్దున ఆమే చేస్తానన్నాది. అప్పుడడుగుతా."